అక్యూట్ లుకేమియాలో జన్యు పరీక్షలు: ప్యానెల్ సైజు కన్నా మొదటి శాంపిల్ ముఖ్యం

సంక్షిప్తంగా

అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్తక్యాన్సర్) రోగికి ఏ మందు ఇవ్వాలి, మజ్జ మార్పిడి చేయాలా వద్దా, చికిత్స తర్వాత వ్యాధి ఎంత మిగిలింది అన్న మూడు నిర్ణయాలూ ఇప్పుడు చాలావరకు క్యాన్సర్ కణంలోని జన్యు మార్పులను బట్టే జరుగుతున్నాయి. ఈ పరీక్షల్లో కొన్ని మూడు నుంచి ఐదు రోజుల్లో తేలాలి, కొన్ని మూడు వారాలు పట్టినా ఫర్వాలేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల నుంచి వెళ్లే రోగుల విషయంలో ఫలితాన్ని చెడగొట్టే కారణాలు చాలావరకు శాంపిల్ ల్యాబ్‌కు చేరకముందే మొదలవుతాయి.

జ్వరం తగ్గడం లేదనో, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందనో జిల్లా కేంద్రంలో సీబీపీ (రక్తకణాల లెక్క) చేయిస్తారు. తెల్లకణాలు లక్ష దాటాయని, ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయాయని, స్లైడ్ మీద బ్లాస్ట్ కణాలు (పక్వం కాని రక్తకణాలు) ఉన్నాయని రిపోర్టు వస్తుంది. ఆ రోజే హైదరాబాద్‌కు రిఫర్ చేస్తారు. అక్కడ చేరిన రెండు రోజుల్లోనే కుటుంబం చేతికి వరసగా పరీక్షల చీటీలు వస్తాయి: ఫ్లో, ఫిష్, కేరియోటైప్, ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌జీఎస్ (అనేక జన్యువులను ఒకేసారి చదివే ప్యానెల్). దేని తర్వాత ఏది, దేనికి ఎందుకంత ధర, ఏది ఆగొచ్చు, ఏది ఆగకూడదు అన్నది ఆ హడావిడిలో విడమరిచి చెప్పే సమయం వైద్యులకు దొరకదు.

ఒకే మజ్జ, నాలుగు చూపులు

నడుము వెనుక తుంటి ఎముక నుంచి తీసిన మజ్జను నాలుగు రకాలుగా చూస్తారు. స్లైడ్ మీద బ్లాస్ట్ కణాల శాతం లెక్కిస్తారు. సాధారణంగా 20 శాతం లేదా అంతకు మించి ఉంటే అక్యూట్ లుకేమియా అంటారు. కొన్ని జన్యు మార్పులు ఉన్నప్పుడు అంతకన్నా తక్కువ ఉన్నా అదే నిర్ధారణ అవుతుంది. ఫ్లో సైటోమెట్రీ కణాల మీది గుర్తులను బట్టి వ్యాధి మైలాయిడ్ రకమా (ఏఎంఎల్), లింఫాయిడ్ రకమా (ఏఎల్‌ఎల్) అన్నది ఒకటి రెండు రోజుల్లో తేలుస్తుంది. కేరియోటైప్‌లో కణాలను బతికించి పెంచి, విభజన దశలో ఆపి, సాధారణంగా 20 కణాల క్రోమోజోములను చూస్తారు. ఫిష్ పరీక్షలో రంగు ప్రోబ్‌లు వేసి 200 కణాల దాకా లెక్కిస్తారు. నాలుగోది మాలిక్యులర్ పరీక్ష. ఇది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అక్షరాల స్థాయిలో జరుగుతుంది.

వీటిలో ఒకటి చేయిస్తే మరొకటి అక్కర్లేదన్న లెక్క లేదు. క్రోమోజోములో పెద్ద ముక్కే ఊడిపోతే కేరియోటైప్ చూపిస్తుంది, నాలుగక్షరాలు అదనంగా చేరితే దానికి కనిపించదు. ఎన్‌పీఎం1 జన్యువులో సాధారణంగా జరిగే మార్పు సరిగ్గా ఆ నాలుగక్షరాలే. పెద్దవాళ్ల ఏఎంఎల్‌లో దాదాపు మూడో వంతు మందిలో అది ఉంటుంది, వారిలో ఎక్కువ మందికి కేరియోటైప్ "నార్మల్" అనే వస్తుంది.

ఏ మార్పు ఏ నిర్ణయాన్ని మారుస్తుంది

మొదట చెప్పాల్సింది పీఎంఎల్-ఆర్‌ఏఆర్‌ఏ గురించి. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల పుట్టే ఈ కలయిక జన్యువు ఉంటే వ్యాధి పేరు ఏపీఎల్ (అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా). లుకేమియాల్లో ఇంత త్వరగా ప్రాణం తీసేదీ, ఇంత బాగా నయమయ్యేదీ మరొకటి లేదు. రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిని మొదటి రోజుల్లోనే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావం అవుతుంది. ఆ గండం దాటి ఆట్రా, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ అనే మందులు తీసుకున్నవారిలో, ముఖ్యంగా తెల్లకణాలు 10 వేల లోపు ఉన్నవారిలో, నయమయ్యేవారు 90 శాతం దాటుతారు. అందుకే ఇక్కడ నియమం మిగతావాటికి పూర్తిగా వేరు: స్లైడ్ చూసి ఏపీఎల్ అనుమానం వస్తే చాలు, జన్యు రిపోర్టు కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెట్టాలి. మోతాదు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 45 మిల్లీగ్రాములు, రెండు విడతలుగా. ప్లేట్‌లెట్లు 30 నుంచి 50 వేలకు పైన, ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) డెసీలీటరుకు 100 నుంచి 150 మిల్లీగ్రాములకు పైన ఉండేలా ఎక్కిస్తూ పోవాలి. ఆట్రా మొదలుపెట్టినంత మాత్రాన మొదటి కొద్ది రోజుల్లో జన్యు పరీక్ష నెగెటివ్ అయిపోదు. కాబట్టి మందు ముందు, రిపోర్టు తర్వాత అన్నది ఇక్కడ ఏ సంకోచమూ లేకుండా పాటించదగిన వరస. అనుమానం తప్పని తేలితే మందు ఆపేస్తారు, పెద్ద నష్టం ఉండదు.

ఈ విషయంలో జిల్లా పాథాలజిస్టు చేయగలిగింది చాలా ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ముదురు గుళికలు నిండిన కణాలు, కట్టెల మోపులా పేర్చినట్టు కనిపించే ఆయర్ రాడ్‌లు స్లైడ్ మీద కనిపిస్తే రిఫరల్ చీటీలో "ఏపీఎల్ అనుమానం" అని రాసి, చేరబోయే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పడం ఏ జన్యు పరీక్షకన్నా ముందు ప్రాణం కాపాడే పని. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్ పరీక్షలు కూడా అప్పుడే చూడాలి.

ఏఎంఎల్‌లో తర్వాతి తొందర ఎఫ్‌ఎల్‌టీ3 మీద. పెద్దవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఈ జన్యువులో కొంత భాగం రెండుసార్లు రాసుకుపోయి ఉంటుంది, దాన్ని ఐటీడీ అంటారు. కణానికి ఎప్పుడూ "పెరుగు" అన్న సంకేతమే అందుతుంటుంది. మామూలు కీమోలో సైటారబిన్ ఏడు రోజులు, డానోరుబిసిన్ మూడు రోజులు ఇస్తారు. ఎఫ్‌ఎల్‌టీ3ని అడ్డుకునే మైడోస్టారిన్‌ను ఎనిమిదో రోజు నుంచి 21వ రోజు దాకా, పూటకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు కలుపుతారు. అంటే కీమో మొదలైన ఎనిమిదో రోజుకు రిపోర్టు చేతిలో ఉండాలి. మూడు వారాలకు వచ్చే పెద్ద ప్యానెల్‌లో భాగంగా మాత్రమే ఎఫ్‌ఎల్‌టీ3 అడిగితే మొదటి విడతలో ఆ అవకాశం పోయినట్టే. యూరోపియన్ లుకేమియా నెట్ 2022 సిఫార్సుల్లో ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, ఐడీహెచ్1, ఐడీహెచ్2 ఫలితాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రావాలన్నది ఇందుకే.

మార్పిడి నిర్ణయం మరో దారి. ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ లేకుండా ఎన్‌పీఎం1 మార్పు మాత్రమే ఉన్నా, 8, 21 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నా, 16వ క్రోమోజోము తిరగబడినా కీమోకు లొంగే అవకాశం ఎక్కువ. వారికి మొదటి రెమిషన్‌లో (చికిత్స తర్వాత వ్యాధి కనిపించకుండా పోయిన దశలో) సాధారణంగా మార్పిడి చేయరు. టీపీ53, ఏఎస్‌ఎక్స్‌ఎల్1, రన్‌ఎక్స్1 వంటి మార్పులుంటే ముప్పు ఎక్కువ. ఆరోగ్యం అనుమతిస్తే దాత కోసం మొదటి నెలలోనే వెతుకులాట మొదలుపెట్టాలి. ఐటీడీ నిష్పత్తి (మార్పు ఉన్న ప్రతులకూ లేని ప్రతులకూ మధ్య నిష్పత్తి) ఎంతున్నా మధ్యస్థ ముప్పు కిందికే వస్తుందని 2022లో మార్చారు. పాత కథనాలు చదివి "నిష్పత్తి 0.5 లోపే ఉంది కదా" అనుకునేవారు ఈ మార్పును గమనించాలి. ఇవన్నీ గట్టి కీమో తట్టుకునేవారికి వేసిన లెక్కలు. వెనెటోక్లాక్స్, అజాసిటిడిన్ తీసుకునే పెద్ద వయసు రోగుల్లో అవే జన్యువుల అర్థం కొంత వేరు, వారికి 2024లో విడిగా వర్గీకరణ వచ్చింది.

ఏఎల్‌ఎల్‌లో ముందుగా తేలాల్సింది బీసీఆర్-ఏబీఎల్1 అనే కలయిక జన్యువు. పెద్దవాళ్లలో సుమారు పావు వంతు మందికి, పిల్లల్లో మూడు నుంచి ఐదు శాతానికి ఇది ఉంటుంది. ఉంటే ఇమాటినిబ్ లేదా డాసాటినిబ్ కలపాలి. ఇమాటినిబ్ మన దగ్గర జెనరిక్‌గా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ పరీక్ష ఫలితం నేరుగా అందుబాటులో ఉన్న మందుకు దారి తీస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. ఈ కలయిక జన్యువుకు పీ190, పీ210 అని రెండు ప్రధాన రూపాలున్నాయి. దీర్ఘకాలిక లుకేమియా (సీఎంఎల్) రోగులకు తరచుగా చేసే పరీక్ష పీ210ని మాత్రమే కొలుస్తుంది. ఏఎల్‌ఎల్‌లో ఎక్కువగా కనిపించేది పీ190. ఫారంలో "బీసీఆర్-ఏబీఎల్" అని మాత్రమే రాస్తే, ల్యాబ్ పీ210 కిట్‌తో చేసి "నెగెటివ్" అని ఇస్తే, రోగికి అందాల్సిన మందు అందదు. "ఏఎల్‌ఎల్, పీ190, పీ210 రెండూ" అని రాయడానికి పట్టేది అర నిమిషం.

ల్యాబ్‌కు చేరకముందే జరిగే నష్టం

మొదటి నష్టం ఊళ్లోనే జరుగుతుంది. కీళ్ల నొప్పులు, జ్వరంతో ఉన్న పిల్లవాడికి అచ్చంపేట వైపు ఊరిలోనో దేవరకొండ తండాలోనో డెక్సామెథాసోన్ సూది వేస్తారు, ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇస్తారు, రెండూ స్టెరాయిడ్లే. రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, నొప్పి పోతుంది. లింఫాయిడ్ బ్లాస్ట్ కణాలు స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి, కానీ వ్యాధి పోదు. వారం తర్వాత తీసిన మజ్జలో బ్లాస్ట్‌లు తక్కువై రోగ నిర్ధారణే చిక్కుల్లో పడుతుంది, జన్యు పరీక్షకు సరిపడా క్యాన్సర్ కణాలూ మిగలవు. కారణం తెలియని జ్వరం, పాలిపోవడం, ఎముకల నొప్పి కలిసి ఉన్నప్పుడు స్టెరాయిడ్ కన్నా ముందు సీబీపీ, స్లైడ్ చేయించాలి. ఇప్పటికే స్టెరాయిడ్ పడి ఉంటే ఏ తేదీన, ఎన్ని రోజులు అన్నది ఫారంలో తప్పకుండా రాయాలి. దాచడం వల్ల రిపోర్టును తప్పుగా చదివే ప్రమాదం పెరుగుతుంది. తెల్లకణాలు తగ్గించడానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియాతో ఇంత ఇబ్బంది లేదు.

రెండోది సూది గుచ్చిన క్షణం. సిరంజిని వెనక్కి లాగినప్పుడు మొదట వచ్చే ఒకటి రెండు మిల్లీలీటర్లే అసలైన మజ్జ. అదే చోట లాగుతూ పోతే మజ్జలోకి చుట్టుపక్కల రక్తం దిగి పలచబడుతుంది. ఐదారు మిల్లీలీటర్లు ఒకేసారి లాగి అన్ని ట్యూబుల్లో పంచితే ప్రతి ట్యూబూ పలచనే. మొదట లాగిన దాంట్లోంచి కొన్ని చుక్కలు స్లైడ్లకు, మిగతాది మాలిక్యులర్ పరీక్షకు వేసి, కేరియోటైప్ కోసం సూది దిశ కొంచెం మార్చి మళ్లీ లాగడం మంచి పద్ధతి.

ఆ వెంటనే ట్యూబులు. పర్పుల్ మూత ఉన్నది ఈడీటీఏ, పీసీఆర్‌కూ (జన్యు ముక్కకు నకళ్లు తీసి చూసే పరీక్ష) ఎన్‌జీఎస్‌కూ ఫ్లోకూ అదే. పచ్చ మూత ఉన్నది సోడియం హెపారిన్, కేరియోటైప్‌కు అదే. రెండూ తారుమారైతే రెండు పరీక్షలూ దెబ్బతింటాయి. హెపారిన్ పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఈడీటీఏలో గంటల తరబడి ఉన్న కణాలు పెంపకంలో సరిగా విభజన చెందవు. మజ్జ వేసిన వెంటనే ట్యూబును ఎనిమిది నుంచి పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. ఊపకూడదు. ఆలస్యమైతే గడ్డ కడుతుంది, బ్లాస్ట్ కణాలు ఆ గడ్డలోనే చిక్కుకుపోతాయి, పైన తేలిన ద్రవంలో చేసిన పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు.

సూది పెట్టినా మజ్జ రాని సందర్భాలు ఉంటాయి. అప్పుడు రక్తంలో బ్లాస్ట్‌లు తగినన్ని ఉంటే రక్తమే పంపవచ్చు. ఎముక ముక్కను ఫార్మలిన్‌లో వేసి, తర్వాత ఆమ్లంతో మెత్తబరిచిన బ్లాకును జన్యు పరీక్షకు పంపడం చివరి ప్రయత్నం కావాలి. ఆ ఆమ్లం డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది, ఆర్‌ఎన్‌ఏ దాదాపు మిగలదు.

ఇక దారి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి గానీ నల్గొండ నుంచి గానీ హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లర దూరమే. నష్టం చేసేది వేడి, సెలవు రోజు. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బస్సు డిక్కీలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో పెట్టిన ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ వేగంగా విరిగిపోతుంది. కలయిక జన్యువుల పీసీఆర్ పరీక్షలు సాధారణంగా ఆర్‌ఎన్‌ఏ మీదే జరుగుతాయి కాబట్టి ముందుగా దెబ్బ తగిలేది పీఎంఎల్-ఆర్‌ఏఆర్‌ఏకూ బీసీఆర్-ఏబీఎల్1కే. థర్మాకోల్ పెట్టె, లోపల చల్లని జెల్ ప్యాక్, ట్యూబుకు ప్యాక్ నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ లేదా దూది ఉండాలి. ఐస్ మీద నేరుగా పెడితే కణాలు గడ్డకట్టి పగిలిపోతాయి, అది వేడి కన్నా మేలేమీ కాదు. ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు 24 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 48 గంటల్లో శాంపిల్ ల్యాబ్‌లో ఉండాలి. శనివారం సాయంత్రం తీసిన మజ్జ సోమవారం దాకా కలెక్షన్ సెంటర్ ఫ్రిజ్‌లో ఉండిపోతే 24 గంటల గడువు దాటినట్టే. రోగి స్థితి అనుమతిస్తే జిల్లాలో మజ్జ తీయకుండా, చికిత్స జరగబోయే చోటే ఒకేసారి తీయించడం మేలు. రెండుసార్లు సూది బాధ తప్పుతుంది, శాంపిల్ తాజాగా ఉంటుంది.

యంత్రానికీ హద్దులున్నాయి

ఎన్‌జీఎస్ పదుల జన్యువులను ఒకేసారి చదువుతుంది. అయినా అన్నీ చూడలేదు. అది డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివి తర్వాత కుట్టుకుంటుంది. ఐటీడీ పొడవు మూడక్షరాల నుంచి నాలుగు వందలు దాటి కూడా ఉండొచ్చు. పొడవైనవి ఆ కుట్టులో జారిపోవచ్చు. పాత పద్ధతైన ఫ్రాగ్మెంట్ ఎనాలిసిస్‌లో గ్రాఫ్ మీద సుమారు 330 అక్షరాల సాధారణ శిఖరం పక్కన పొడవైన ముక్క మరో శిఖరంగా స్పష్టంగా నిలబడుతుంది. ఖర్చు తక్కువ, రెండు మూడు రోజుల పని. అందుకని పెద్ద ప్యానెల్‌కు డబ్బు కట్టినా ఎఫ్‌ఎల్‌టీ3 మాత్రం విడిగా ఈ పద్ధతిలో చేయించడం వృథా కాదు. డీఎన్‌ఏ మాత్రమే చదివే ప్యానెల్ కలయిక జన్యువులను చాలావరకు పట్టుకోలేదు. "56 జన్యువులు నెగెటివ్" అన్న రిపోర్టు చూసి బీసీఆర్-ఏబీఎల్1 కూడా లేదని అనుకోకూడదు.

సరైన వరస ఇది అనిపిస్తుంది: మొదటి వారంలో వెంటనే మందు మార్చే నాలుగైదు పరీక్షలు, వాటితోపాటు ఫిష్, కేరియోటైప్. అదే శాంపిల్ నుంచి తీసిన డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను భద్రపరచమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. రెమిషన్ వచ్చి మార్పిడి గురించి ఆలోచించే సమయానికి డబ్బు సమకూరితే, ఆ దాచిన డీఎన్‌ఏ మీదే పెద్ద ప్యానెల్ చేయించవచ్చు. కీమో పడ్డాక తీసిన మజ్జ ఆ పనికి రాదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే చికిత్స ప్యాకేజీలో ఏ పరీక్ష కలిసి ఉంది, దేనికి బయట కట్టాలి అన్నది శాంపిల్ తీయకముందే ఆరోగ్యమిత్రను అడగాలి. సీఎం సహాయ నిధి ఎల్‌ఓసీకి (ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) దరఖాస్తు చేసేవారు అంచనా పత్రంలో పరీక్షల ఖర్చు కూడా రాయించుకోవాలి.

రిపోర్టులో శాతం, "అర్థం తెలియని మార్పు"

ప్రతి మార్పు పక్కన వీఏఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. ఆ చోట చదివిన డీఎన్‌ఏ ప్రతుల్లో ఎన్నింటిలో మార్పు ఉందో అది చెబుతుంది. ప్రతి కణంలో రెండు ప్రతులుంటాయి కాబట్టి, ఒక ప్రతిలోనే మార్పు ఉంటే 40 శాతం వీఏఎఫ్ అంటే సుమారు 80 శాతం కణాల్లో ఉన్నట్టు. శాతం పెద్దదైతే వ్యాధి మొండిదని అర్థం కాదు. శాంపిల్ పలచబడితే అదే రోగికి అదే రోజు 15 శాతం కూడా రావచ్చు.

"ప్రాముఖ్యం తెలియని మార్పు" అని రాసినవాటి ఆధారంగా మందు మార్చరు. ఈ వర్గం మన రోగుల్లో పెద్దదిగా ఉండటానికి ఒక కారణం, పోల్చి చూసే జన్యు సమాచారంలో భారతీయుల వాటా ఇన్నాళ్లూ తక్కువగా ఉండటం. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచింది. ఇక్కడి ప్రజల్లో మామూలుగా ఉండే తేడా ఏది, వ్యాధికి సంబంధించినది ఏది అని విడదీయడం దీనితో కొంత సులువవుతుంది.

పిల్లలకు వస్తుందా

ఇంట్లోవారిని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. "జన్యు మార్పు" అని రిపోర్టులో చూసిన వెంటనే తోబుట్టువుల పెళ్లి సంబంధాల దాకా భయం పాకుతుంది. ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, పీఎంఎల్-ఆర్‌ఏఆర్‌ఏ వంటివి పుట్టుకతో వచ్చినవి కావు, రక్తకణాల్లో మధ్యలో పుట్టినవి. చేనులో ఒక సాలుకు పట్టిన తెగులు వేరు, విత్తనంలోనే ఉన్న లోపం వేరు. మొదటిది తర్వాతి పంటకు పోదు.

విత్తనంలోని లోపం లాంటివి కొద్దిమందిలో ఉంటాయి. డీడీఎక్స్41, రన్‌ఎక్స్1, సీఈబీపీఏ, జీఏటీఏ2 జన్యువుల్లో కొన్ని మార్పులు వంశంలో నడుస్తాయి. వీఏఎఫ్ 50 శాతం దగ్గరుండి, రెమిషన్ వచ్చాక కూడా అలాగే నిలిచిపోతే అనుమానించాలి. నిర్ధారణకు రక్తం, లాలాజలం పనికిరావు, రెండింటిలోనూ తెల్లకణాలే ఉంటాయి. చర్మం నుంచి పెంచిన కణాల్లో చూడాలి. మార్పిడికి తమ్ముడో అక్కో దాతగా ముందుకొచ్చినప్పుడు ఈ పరీక్ష మరీ ముఖ్యం, అదే లోపం ఉన్న మజ్జను ఎక్కించకూడదు.

వారసత్వంగా వచ్చేదే అయినా క్యాన్సర్‌తో సంబంధం లేని మార్పు మరొకటి ఉంది, దాని గురించి అడిగేవారు తక్కువ. ఎన్‌యూడీటీ15 జన్యువులో 139వ స్థానంలో జరిగే మార్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ. ఏఎల్‌ఎల్ పిల్లలకు ఇంటి దగ్గర నెలల తరబడి ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్‌ను ఈ మార్పు ఉన్నవారి శరీరం సరిగా వదిలించుకోలేదు. రెండు ప్రతుల్లోనూ మార్పు ఉన్నవారికి మామూలు 75 మిల్లీగ్రాముల మోతాదు బదులు చదరపు మీటరుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని సిఫార్సు ఉంది. తెలియక పూర్తి మోతాదు వాడితే తెల్లకణాలు పడిపోయి, కల్వకుర్తిలోనో గద్వాలలోనో ఇంటి దగ్గరున్న పిల్లవాడు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో తిరిగి ఆస్పత్రికి వస్తాడు.

నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటి వల్లే లుకేమియా వచ్చిందా అని కూడా అడుగుతుంటారు. ఫ్లోరైడ్ ఎముకలు, పళ్లను దెబ్బతీస్తుంది. లుకేమియాకు అది కారణమని నిరూపణ కాలేదు. బెంజీన్, గతంలో తీసుకున్న కీమో, రేడియేషన్ తెలిసిన కారణాలు. ఈ జన్యు పరీక్ష సాధారణంగా ఒక రోగికి వ్యాధి ఎందుకు వచ్చిందో చెప్పదు.

రెమిషన్ తర్వాత

మైక్రోస్కోప్‌కు బ్లాస్ట్‌లు కనిపించకపోయినా లక్ష కణాల్లో ఒకటి మిగిలి ఉంటే ఎన్‌పీఎం1 పీసీఆర్ పట్టుకోగలదు. రెండో విడత కీమో తర్వాత రక్తంలో ఈ గుర్తు ఇంకా ఉన్నవారిలో మూడేళ్లలో 82 శాతానికి వ్యాధి తిరగబెట్టిందని, లేనివారిలో అది 30 శాతమని 2016లో బ్రిటన్ పరిశోధన చూపింది. ఒక్కసారి చేసే పెద్ద ప్యానెల్ కన్నా ఈ వరస పరీక్షలే కొందరి విషయంలో ఎక్కువ విలువైనవి. డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 మార్పులను మాత్రం ఇలా వెంబడించకూడదు. వయసు పైబడినవారి రక్తంలో అవి లుకేమియా లేకుండానే ఉంటాయి, రెమిషన్‌లోనూ మిగులుతాయి.

చికిత్స పూర్తయ్యాక రెండేళ్ల పాటు మజ్జ అయితే మూడు నెలలకోసారి, రక్తమైతే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చూస్తారు. రక్తాన్ని జిల్లాలోనే తీసి పంపవచ్చు, కానీ ప్రతిసారీ అదే ల్యాబ్‌కు వెళ్లాలి. ల్యాబ్ మారితే అంకెలు పోల్చడానికి కుదరదు. విలువ పది రెట్లు పెరిగితే రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చేసి ఖాయం చేసుకుంటారు. వ్యాధి తిరగబెడితే ఎఫ్‌ఎల్‌టీ3ని మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి, మొదట లేనిది అప్పుడు కనిపించవచ్చు, ఉన్నది పోయి ఉండవచ్చు. పాత రిపోర్టు చూసి మందు నిర్ణయించడం కుదరదు.